కొత్త ఫోన్లలో నడిచి, మిగతా అన్నిటిలో ఆగిపోయిన యాప్: పాల సేకరణ కేంద్రాల కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు ఒక పాల సేకరణ సంస్థది. సంస్థ పేరు, జిల్లా, కేంద్రాల సంఖ్య రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు చిన్న వివరాలు మార్చాను. సాంకేతిక కారణం మాత్రం ఉన్నది ఉన్నట్టే ఇచ్చాను, ఎందుకంటే ఆండ్రాయిడ్ యాప్ నడిపే ఏ టీమ్‌కైనా ఇది ఎదురుకావచ్చు.

ఊళ్లో పాల కేంద్రం రెండు పూటలా తెరుస్తారు. రైతు పాలు పోయగానే తూకం, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో ఫ్యాట్ కాని ఘన పదార్థం) చూసి, కేంద్రం నడిపే వ్యక్తి తన ఫోన్‌లోని యాప్‌లో ఎంటర్ చేస్తారు. పదిహేను రోజులకోసారి ఇచ్చే పాల బిల్లు ఈ ఎంట్రీల మీదే తయారవుతుంది. చాలా ఊళ్లలో సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి ఎంట్రీ ముందు ఫోన్‌లోని రూమ్ (ఆండ్రాయిడ్‌లో డేటా దాచే లైబ్రరీ) డేటాబేస్‌లో సేవ్ అవుతుంది. నెట్ దొరికినప్పుడు ఒక్కొక్కటిగా వరసలో సర్వర్‌కి వెళ్తుంది.

ఫోన్లు సంస్థవి కావు, కేంద్రం నడిపేవాళ్ల సొంతవి. ఆండ్రాయిడ్ 7 మీద నడిచే 2 జీబీ ర్యామ్ ఫోన్ల నుంచి ఆండ్రాయిడ్ 14 ఉన్న ఫోన్ల దాకా అన్నీ ఉన్నాయి. ఆండ్రాయిడ్ 15 ఉన్నవి చాలా తక్కువ. యాప్ పూర్తిగా కోట్లిన్ భాషలో రాసింది. మిన్‌ఎస్‌డీకే (యాప్ నడిచే కనీస ఆండ్రాయిడ్ స్థాయి) 24, అంటే ఆండ్రాయిడ్ 7.

ఇబ్బందికి దారి తీసిన అప్‌డేట్ ఎవరూ సరదాకి చేసింది కాదు. 2025 ఆగస్టు 31 నుంచి ప్లే స్టోర్‌లో పెట్టే అప్‌డేట్లు ఏపీఐ 35ని, అంటే ఆండ్రాయిడ్ 15ని, టార్గెట్ చేయాలన్న (ఆ వెర్షన్ పద్ధతులకి తగ్గట్టు ఉండాలన్న) నిబంధన వచ్చింది. టార్గెట్‌ఎస్‌డీకే 35 పెట్టాలంటే కంపైల్‌ఎస్‌డీకే (ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌ని చూసి కోడ్ కంపైల్ చేయాలో చెప్పే అంకె) కూడా కనీసం 35 ఉండాలి. దానికి యాప్‌ని బిల్డ్ చేసే టూల్, అంటే ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్, 8.6కి మారాలి. టీమ్ ఈ మూడూ కలిపి చేసింది. అదే రిలీజ్‌లో ఆవు పాలు, గేదె పాలు వేరుగా చూపే కొత్త కాలమ్ కోసం డేటాబేస్ వెర్షన్ కూడా ఒక మెట్టు పెంచింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 35ని టార్గెట్ చేసిన యాప్, ఆండ్రాయిడ్ 15 ఫోన్‌లో అంచు నుంచి అంచు వరకు స్క్రీన్ మొత్తం పరుచుకుంటుంది. సరిచూసుకోకపోతే సేవ్ బటన్ కింద ఉన్న నావిగేషన్ బార్ వెనక్కి పోతుంది. టీమ్ ఆ భయంతో ప్రతి స్క్రీన్‌నీ శ్రద్ధగా పరీక్షించింది. ఆ మార్పు కనిపించేది ఆండ్రాయిడ్ 15లోనే కాబట్టి పరీక్షంతా ఆండ్రాయిడ్ 15 ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో నడిచే నకిలీ ఫోన్)లో, ఆండ్రాయిడ్ 15 ఫోన్లలో జరిగింది. పనిలో బద్ధకం ఏమీ లేదు. ఆ రిలీజ్‌లో ప్రమాదం ఎక్కడుందని అందరూ అనుకున్నారో అక్కడ బాగానే వెతికారు.

సమస్య ఎలా బయటపడింది

అప్‌డేట్ సుమారు సగం ఫోన్లకి చేరాక కేంద్రాల నుంచి కాల్స్ మొదలయ్యాయి. యాప్ తెరుచుకుంటోంది, నాలుగైదు సెకన్లలో మూసుకుపోతోంది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే. ఉదయం పూట క్యూలో నిలబడ్డ రైతులు, చేతిలో పనిచేయని యాప్. కేంద్రం నడిపేవాళ్ల టెన్షన్ ఎంతో చెప్పక్కర్లేదు.

నేను ఆ టీమ్‌కి అప్పుడప్పుడు బయటినుంచి సాయం చేసే ఆండ్రాయిడ్ డెవలపర్‌ని. నన్ను పిలిచేసరికి రోల్‌అవుట్ (అప్‌డేట్‌ని దశలవారీగా పంపడం) ఇంకా ముందుకు పోకుండా ఆపేశారు. సరైన పనే, కానీ ఆపడం వల్ల కొత్త ఫోన్లకి వెళ్లకుండా ఉంటుందే తప్ప అప్పటికే అప్‌డేట్ అయిన ఫోన్లలో పాత వెర్షన్ తిరిగి రాదు.

టీమ్ నాతో చెప్పిన మొదటి మాట, "పాత ఫోన్లండీ, ఇక మోయలేకపోతున్నాయి" అని. మేనేజ్‌మెంట్ అప్పటికే మిన్‌ఎస్‌డీకే పెంచి పాత ఫోన్లని వదిలేద్దామా అని ఆలోచిస్తోంది. ఆ నిర్ణయం తీసుకుంటే ఎన్నో కేంద్రాలు కొత్త ఫోన్ కొనాల్సి వస్తుంది. అందుకే ఆ మాట నిజమో కాదో తేల్చుకోకుండా ఏ మార్పూ వద్దన్నాను.

ముందుగా ఆపించిన పని

కారణం వెతికే ముందు ఒక పని చేయాల్సి వచ్చింది. ఫీల్డ్ సపోర్ట్‌లో ఉన్న కుర్రాళ్లు అలవాటుగా చెప్పే సలహా ఒకటుంది: యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకోండి. ఈ యాప్ విషయంలో ఆ సలహా చాలా ప్రమాదం. సర్వర్‌కి చేరని ఎంట్రీలన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి. అన్‌ఇన్‌స్టాల్ చేసినా, సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్లియర్ డేటా నొక్కినా అవి పోతాయి. ఆ ఎంట్రీలు అంటే రైతుల డబ్బు. అందరు సూపర్‌వైజర్లకీ వెంటనే మెసేజ్ పంపించాం: యాప్ తీసేయొద్దు, డేటా క్లియర్ చేయొద్దు, యాప్ నడిచేదాకా రిజిస్టర్‌లో రాసుకోండి.

కొన్ని కేంద్రాల్లో అప్పటికే తీసేశారు. వాటి సంగతి తర్వాత చెబుతాను.

దారి తప్పించిన అనుమానాలు

మొదటి అనుమానం ర్యామ్. కొత్త బిల్డ్ కాస్త పెద్దదైంది, ఫోన్లు చిన్నవి. కానీ ఫిర్యాదు చేసిన ఫోన్ల జాబితా తెప్పిస్తే అందులో ఆండ్రాయిడ్ 13 మీద నడిచే 6 జీబీ ఫోన్ కూడా ఉంది. ఆ ఒక్క ఫోన్‌తో ర్యామ్ వాదన పక్కకి పోయింది.

రెండో అనుమానానికి బలం ఒక కేంద్రం నడిపే ఆవిడ చెప్పిన మాటతో వచ్చింది. "డేటా ఆపేస్తే ఏం కావట్లేదు సార్, ఎంట్రీలన్నీ పడుతున్నాయి. డేటా ఆన్ చేస్తేనే మూసుకుపోతోంది." ఈ కేసులో నాకు దొరికిన అన్ని ఆధారాల్లోకీ విలువైనది ఇదే. సమస్య ఎంట్రీలో లేదు, సింక్‌లో (ఎంట్రీలు సర్వర్‌కి పంపే దశలో) ఉందని ఒక్క వాక్యంలో తేలింది.

సింక్ అనగానే, సర్వర్ అసలైనదేనని ఫోన్‌కి నిరూపించే సర్టిఫికెట్ గుర్తొచ్చింది. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లలో సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడే ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1 అనే మూల సర్టిఫికెట్ ముందుగా ఉండదు. వేరే పాత రూట్ సంతకం ఆసరాతో అవి కొన్నేళ్లు నడిచాయి. ఆ ఆసరా 2024 సెప్టెంబర్ 30తో ముగిసింది. ఈ యాప్‌లో దానికి మందు అప్పటికే వేసి ఉంది. ఆండ్రాయిడ్ 7 నుంచి వచ్చిన నెట్‌వర్క్ సెక్యూరిటీ కాన్ఫిగ్ ద్వారా ఆ రూట్‌ని యాప్‌లోనే పెట్టారు. కొత్త బిల్డ్‌లో ఆ ఫైలు పొరపాటున ఊడిపోయిందా అన్నది ప్రశ్న.

దీన్ని తేల్చడానికి ఫోన్ అక్కర్లేదు, సర్వర్ లాగ్ చాలు. టీఎల్‌ఎస్ దగ్గరే, అంటే సర్టిఫికెట్ చూసి సురక్షిత కనెక్షన్ కలిపే దశలోనే, ఆగిపోతే రిక్వెస్ట్ సర్వర్‌కి చేరదు. లాగ్ తెరిస్తే రిక్వెస్టులు చేరుతున్నాయి, 200 (సరే, అందింది అనే) జవాబు కూడా వెళ్తోంది. అంటే సర్టిఫికెట్ బాగానే ఉంది.

అయితే అదే లాగ్ ఇంకో భయంకరమైన విషయం చూపించింది. ఇబ్బంది పడుతున్న ప్రతి కేంద్రం నుంచీ ఒకే ఎంట్రీ మళ్లీ మళ్లీ వస్తోంది. వరసలో మొదటిది మాత్రమే, యాప్ తెరిచినన్ని సార్లు. ఆ తర్వాతివి ఒక్కటీ రావడం లేదు. అంటే బిల్లులో ఒక రైతు పాలు పదింతలు పడతాయి, మిగతా రైతులు ఆ పూట పాలు పోయనట్టే ఉంటుంది.

అసలు కారణం

క్రాష్ రిపోర్టులు సరిగా అందలేదు. ఆ యాప్‌లోని రిపోర్టింగ్ లైబ్రరీ, క్రాష్ వివరాన్ని యాప్ మళ్లీ తెరిచినప్పుడు పంపుతుంది. ఇక్కడ తెరిచిన కొన్ని సెకన్లకే మూసుకుపోతోంది కాబట్టి, సిగ్నల్ బలహీనంగా ఉన్న ఊళ్లలో పంపే వ్యవధే దొరకలేదు. ఒక సూపర్‌వైజర్ దగ్గర్లోని కేంద్రం నుంచి ఫోన్ అడిగి తెచ్చారు. కేబుల్ పెట్టి, ఫోన్ లోపలి లాగ్ చూపే లాగ్‌క్యాట్ చూస్తే నోసచ్‌మెథడ్‌ఎర్రర్. జావా లిస్ట్‌లో, మొదటి అంశాన్ని తీసేసే రిమూవ్‌ఫస్ట్ అనే మెథడ్ (కోడ్‌లో పిలిచే చిన్న ఫంక్షన్) లేదని ఫోన్ అంటోంది.

కోడ్ చూస్తే ఆ లైన్ రెండేళ్ల నాటిది. పంపాల్సిన ఎంట్రీల మ్యూటబుల్‌లిస్ట్ (మార్చగలిగే జాబితా)లోంచి, మొదటిది పంపేశాక రిమూవ్‌ఫస్ట్ అని పిలుస్తారు. ఈ రిలీజ్‌లో ఆ ఫైలుని ఎవరూ ముట్టుకోలేదు. రెండేళ్లుగా అన్ని ఫోన్లలోనూ నడిచిన లైన్ ఇప్పుడెందుకు ఆగిపోయింది?

రిమూవ్‌ఫస్ట్ అనేది కోట్లిన్ 1.4 నుంచి మ్యూటబుల్‌లిస్ట్‌కి ఉన్న ఎక్స్‌టెన్షన్ ఫంక్షన్, అంటే బయటినుంచి తగిలించిన ఫంక్షన్. దాని కోడ్ కోట్లిన్ లైబ్రరీలో ఉంటుంది, ఆ లైబ్రరీ యాప్‌తో పాటే ఫోన్‌లోకి వెళ్తుంది. అందుకే ఆండ్రాయిడ్ 7లోనూ నడిచింది. కోట్లిన్ మ్యూటబుల్‌లిస్ట్ లోపల జావా లిస్టే. 2023లో వచ్చిన జావా 21లో ఆ లిస్ట్‌కి స్వయంగా రిమూవ్‌ఫస్ట్, రిమూవ్‌లాస్ట్ మెథడ్లు చేరాయి. ఆండ్రాయిడ్ 15 వాటిని తన ప్లాట్‌ఫామ్‌లోకి తీసుకుంది. కోట్లిన్ నియమం ఏమిటంటే, ఒకే పేరుతో సొంత మెంబర్ మెథడ్, ఎక్స్‌టెన్షన్ రెండూ ఉంటే మెంబర్‌కే పెద్దపీట. కంపైల్‌ఎస్‌డీకే 34 ఉన్నంతకాలం కంపైలర్‌కి మెంబర్ కనబడలేదు, ఎక్స్‌టెన్షన్‌ని పిలిచింది. 35 పెట్టగానే మెంబర్ కనబడింది, దాన్ని పిలిచేలా బైట్‌కోడ్ రాసింది. ఆ మెథడ్ యాప్‌లో ఉండదు, ఫోన్‌లోని ఆండ్రాయిడ్‌లోనే ఉండాలి. ఆండ్రాయిడ్ 14, అంతకంటే పాత ఫోన్లలో అది లేదు. కొత్తగా అచ్చేసిన టెలిఫోన్ డైరెక్టరీ చూసి నంబరు తిప్పితే, పాత ఎక్స్ఛేంజిలో ఆ లైనే లేనట్టు.

సోర్స్ కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. బిల్డ్ ఫైల్‌లో ఒక అంకె మారింది. గూగుల్ ఆండ్రాయిడ్ 15 డాక్యుమెంటేషన్‌లో ఈ హెచ్చరిక ఉంది కూడా. కానీ నిబంధనల గడువు దగ్గరపడిన టీమ్ కళ్లు, ఆ పేజీలన్నిటిలో స్క్రీన్ మీద కనిపించే మార్పుల వైపే వెళ్తాయి.

ఈ వివరణ సరైనదేనని నిరూపించుకోవాలి. అదే కోడ్‌ని, ఆ ఒక్క అంకె 34 పెట్టి ఒకసారి, 35 పెట్టి ఒకసారి బిల్డ్ చేసి, అదే ఫోన్‌లో వేశాం. మొదటిది నడిచింది, రెండోది ఆగిపోయింది. ఇంకో సాక్ష్యం యాప్‌లోనే దొరికింది. చీటీల ఫొటోలు పంపే వరస కోసం వేరే డెవలపర్ కోట్లిన్ అర్రేడెక్ వాడారు. అందులోనూ రిమూవ్‌ఫస్ట్ ఉంది, కానీ ఆ క్లాస్ కోట్లిన్ లైబ్రరీలోదే, మెథడ్ దాని సొంతం. కాబట్టి ఫొటోల అప్‌లోడ్ ఏ ఫోన్‌లోనూ చెడిపోలేదు.

ఫోన్ వయసుకి దీనితో సంబంధం లేదని అప్పుడు మేనేజ్‌మెంట్‌కి చెప్పగలిగాం. ఏడాది కిందట కొన్న ఆండ్రాయిడ్ 14 ఫోన్ కూడా ఈ బిల్డ్ దృష్టిలో పాతదే. మిన్‌ఎస్‌డీకే పెంచి ఆండ్రాయిడ్ 7, 8 ఫోన్లని వదిలేసినా సమస్య అక్కడే ఉండేది, రైతులకి దగ్గరగా ఉన్న కేంద్రాలు మాత్రం పోయేవి.

ఇంకో ప్రశ్న మిగిలింది. సింక్ లూప్ చుట్టూ ట్రై-క్యాచ్ (తప్పు వస్తే పట్టుకునే కోడ్) ఉంది కదా, యాప్ ఎందుకు కూలింది? ఆ క్యాచ్ పట్టేది ఎక్సెప్షన్‌ని. నోసచ్‌మెథడ్‌ఎర్రర్ జావా లెక్కలో ఎర్రర్ వర్గానికి చెందుతుంది, ఎక్సెప్షన్ కాదు. క్యాచ్ దాన్ని చూడనే చూడదు. పైగా వరస ఇలా ఉంది: సర్వర్‌కి పంపు, జవాబు వచ్చాక లిస్ట్‌లోంచి తీసెయ్, ఆ తర్వాత డేటాబేస్‌లో పంపినట్టు గుర్తు పెట్టు. రెండో మెట్టులో కూలితే మూడోది జరగదు. మళ్లీ తెరిచినప్పుడు అదే ఎంట్రీ మొదట్లో కనిపిస్తుంది. లాగ్‌లో కనిపించిన రిపీట్‌లకి కారణం ఇదే.

పాత వెర్షన్‌కి ఎందుకు వెళ్లలేదు

అందరూ అడిగింది ఇదే. నిన్నటి వెర్షన్ మళ్లీ పెట్టేస్తే సరిపోదా?

మూడు అడ్డంకులు. ప్లే స్టోర్‌లో తక్కువ వెర్షన్‌కోడ్‌తో వెనక్కి వెళ్లలేం, పాత కోడ్‌నే పెద్ద నంబరుతో పంపాలి. అది 34ని టార్గెట్ చేసిన కోడ్. అప్పటికి గడువు దాటింది కాబట్టి పొడిగింపు కోరితే తప్ప తీసుకునేవాళ్లు కాదు. ఈ రెండూ ఎలాగో దాటొచ్చు. మూడోది దాటరానిది: కొత్త వెర్షన్ ఫోన్‌లో డేటాబేస్‌ని ఒక మెట్టు పైకి మార్చేసింది. పాత కోడ్ దాన్ని తెరవబోతే కిందికి దిగే మైగ్రేషన్ (డేటాబేస్ వెర్షన్ మార్చే కోడ్) లేదని రూమ్ ఆగిపోతుంది. దిగేటప్పుడు డేటా తుడిచేసి మొదలుపెట్టే ఆప్షన్ రూమ్‌లో ఉంది, కానీ మనం కాపాడాలనుకుంటున్నది ఆ డేటానే.

వాట్సాప్‌లో ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) పంపుదామన్న సూచన కూడా వచ్చింది. ప్లే యాప్ సైనింగ్ వాడే యాప్ ఇది. ఫోన్లలో ఉన్న కాపీ మీద సంతకం ప్లే స్టోర్ దగ్గర ఉన్న కీతో పడుతుంది, డెవలపర్ మెషీన్‌లో తయారైన ఏపీకే మీద పడేది వేరే సంతకం. దాని మీద ఇది ఇన్‌స్టాల్ కాదు. అప్పుడు మనిషి ఏం చేస్తారు? ఉన్న యాప్ తీసేసి కొత్తది వేసుకుంటారు. ఎంట్రీలు పోతాయి. అందుకే ఆ దారి మూసేశాం.

పనిచేసినవి

ఫోన్లలోకి కొత్త వెర్షన్ వెళ్లడానికి సమయం పడుతుంది. సర్వర్ మాత్రం మన చేతిలో ఉంది. కాబట్టి ముందు సర్వర్ నుంచి మొదలుపెట్టాం.

ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక యూయూఐడీ (వేరే దేనికీ రాని ఐడీ) తయారవుతుంది. సర్వర్ దాన్ని దాచుకుంటోంది గానీ, ఒకసారి వచ్చిన ఐడీ మళ్లీ వస్తే కాదనడం లేదు. ఆ కాలమ్‌కి యూనిక్ నిబంధన పెట్టి, రెండోసారి వస్తే కొత్త ఎంట్రీ చేర్చకుండా 200 మాత్రం పంపేలా మార్చాం. అప్పటికే పడిన రిపీట్‌లని అదే ఐడీ పట్టుకుని తీసేశాం. కేంద్రం కోడ్, రైతు నంబరు, పూట కలిపి చూసి తీసేద్దామని ఒకరన్నారు. నేను వద్దన్నాను. ఒకే పూటలో ఆవు పాలు ఒకసారి, గేదె పాలు ఒకసారి పోసే రైతులున్నారు, నిజమైన ఎంట్రీ ఎగిరిపోతుంది.

తర్వాత యాప్‌లో ఎప్పటినుంచో ఉన్న మెయింటెనెన్స్ మోడ్. సింక్ మొదలుపెట్టే ముందు యాప్ సర్వర్‌ని సెట్టింగ్స్ అడుగుతుంది. మెయింటెనెన్స్ అని జవాబొస్తే సింక్ ఆపి, సర్వర్ పంపిన నోటీసు చూపిస్తుంది, ఎంట్రీలు మాత్రం తీసుకుంటుంది. రిక్వెస్ట్‌లో యాప్ వెర్షన్ కూడా వెళ్తుంది కాబట్టి, ఆ ఒక్క వెర్షన్‌కే మెయింటెనెన్స్ జవాబు ఇచ్చేలా పెట్టాం. ఆండ్రాయిడ్ 15లో బాగానే నడుస్తున్న కొన్ని ఫోన్ల సింక్ కూడా ఆగింది, నిజమే. రెండు రకాలుగా విడదీయాలంటే ఆండ్రాయిడ్ వెర్షన్ కూడా తెలియాలి, అది రిక్వెస్ట్‌లో లేదు. కొద్దిసేపు అందరూ ఆగినా నష్టం లేదనుకున్నాం.

ఆ సాయంత్రం పూటకే కేంద్రాల్లో యాప్ నిలబడింది. ఇక తొందరపడాల్సిన అవసరం తగ్గింది. సరిచేసిన బిల్డ్‌ని స్థిమితంగా పరీక్షించే అవకాశం దొరికింది.

కోడ్ మార్పు చిన్నది. రిమూవ్‌ఫస్ట్ ఉన్నచోట రిమూవ్‌ఎట్ సున్నా, రిమూవ్‌లాస్ట్ ఉన్నచోట రిమూవ్‌ఎట్ లాస్ట్‌ఇండెక్స్. ఈ పేర్లు పాత, కొత్త ఆండ్రాయిడ్ రెండిటిలోనూ ఒకేలా నడుస్తాయి. అయితే యాప్ కోడ్‌లో వెతికితే చాలదు. పాల అనలైజర్ నుంచి బ్లూటూత్‌లో రీడింగ్ తీసుకునే లైబ్రరీ వేరే ప్రాజెక్టులో బిల్డ్ అవుతుంది. దాన్ని కూడా 35తోనే కంపైల్ చేశారు. అందుకే తయారైన ఏపీకేనే ఏపీకే అనలైజర్‌లో తెరిచి, కంపైల్ అయిన కోడ్ ఉండే డెక్స్ ఫైల్‌లో జావా లిస్ట్‌కి వెళ్లే పిలుపులు చూశాం. అనుకున్నట్టే ఆ లైబ్రరీలో ఒక రిమూవ్‌లాస్ట్ దొరికింది. సింక్ బాగుపడి ఉంటే తర్వాత కూలేది అక్కడే.

ఈ హాట్‌ఫిక్స్‌లో మరేమీ కలపొద్దని పట్టుబట్టాను. ఎలాగూ రిలీజ్ చేస్తున్నాం కదా అని రెండు చిన్న మార్పులు సిద్ధంగా ఉన్నాయి. మళ్లీ ఏదైనా జరిగితే కారణం ఒక్కచోటే ఉండాలి. ముందు కొన్ని కేంద్రాలకి, పేరుకుపోయిన ఎంట్రీలన్నీ సర్వర్‌కి చేరాయని చూశాక అందరికీ పంపాం.

ఫోన్లు వైఫై చూడవు కాబట్టి ఆటోమేటిక్ అప్‌డేట్ మీద ఆధారపడలేం. మెయింటెనెన్స్ నోటీసులోనే తెలుగులో రాశాం, ప్లే స్టోర్‌కి వెళ్లి అప్‌డేట్ నొక్కండి, యాప్ తీసేయొద్దు అని. ప్లే స్టోర్ సరిగా పనిచేయని కొన్ని ఫోన్లకి, ప్లే కన్సోల్‌లోని యాప్ బండిల్ ఎక్స్‌ప్లోరర్ నుంచి సరైన సంతకం ఉన్న యూనివర్సల్ ఏపీకే దింపి సూపర్‌వైజర్ల చేత వేయించాం. అది ఉన్న యాప్ మీదే కూర్చుంటుంది.

ముందే యాప్ తీసేసిన కేంద్రాల ఎంట్రీలు సాంకేతికంగా తిరిగి రాలేదు. రైతుల దగ్గరున్న చీటీలు, కేంద్రం రిజిస్టర్ పక్కపక్కన పెట్టి ఆఫీసులో చేత్తో ఎంటర్ చేశారు. చీటీ, రిజిస్టర్ కలవని చోట రైతు చీటీనే లెక్కలోకి తీసుకున్నారు. సంస్థ తీసుకున్న ఆ నిర్ణయం నాకు చాలా నచ్చింది.

తర్వాత మారినవి

ఈ తప్పుని మనిషి కన్నా ముందు పట్టగలిగేది లింట్, అంటే కోడ్‌ని బిల్డ్ సమయంలోనే తనిఖీ చేసే టూల్. ప్లాట్‌ఫామ్‌లో లేని మెథడ్‌ని పిలిస్తే న్యూఏపీఐ అనే తనిఖీ చెబుతుంది, రిమూవ్‌ఫస్ట్‌ని కూడా చెబుతుంది. ఈ ప్రాజెక్టులో బిల్డ్ త్వరగా అవ్వాలని రిలీజ్ బిల్డ్‌లకి లింట్ ఆపేసి ఉంది. పాత హెచ్చరికలు వందల్లో ఉన్నందువల్ల మొత్తం తిరిగి పెట్టడం కుదరలేదు. న్యూఏపీఐ ఒక్కదాన్ని, ఉంటే బిల్డే ఆగిపోయేలా పెట్టాం. మిగతావి మెల్లగా తగ్గించుకోవచ్చు.

ఎస్‌డీకే పెంచే పద్ధతి కూడా మారింది. కంపైల్‌ఎస్‌డీకేని టార్గెట్‌ఎస్‌డీకే లేకుండా విడిగా పెంచవచ్చు. ఇప్పుడు టీమ్ అదొక్కటే పెంచి ఒక రిలీజ్ ఇస్తుంది, అది కేంద్రాల్లో కొన్నాళ్లు నడిచాకే టార్గెట్ మారుస్తుంది. డేటాబేస్ మార్పు ఈ రెండిటిలో దేనితోనూ కలవదు, వెనక్కి వెళ్లే దారి మూసుకుపోకుండా.

పరీక్షకి ఫోన్ల అర ఒకటి పెట్టుకున్నారు: ఆండ్రాయిడ్ 7, 10, 13 ఉన్న సెకండ్‌హ్యాండ్ ఫోన్లు. ఎమ్యులేటర్‌లోనూ పాత ఏపీఐ ఇమేజ్‌లు నడుస్తాయి, ఈ బగ్‌ని అవీ పట్టేవి. కానీ డెవలపర్ ల్యాప్‌టాప్‌లో అవి నడిచేది ఎక్స్86 ప్రాసెసర్ మీద. బ్లూటూత్ లైబ్రరీలో ఉన్న నేటివ్ కోడ్ 32 బిట్ ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ఫోన్‌లో ఎలా ఉంటుందో చెప్పలేవు. పరీక్షలో యాప్ తెరవడం ఒక్కటే కాకుండా, నెట్ ఆపి ఇరవై ఎంట్రీలు వేసి, నెట్ ఆన్ చేసి అన్నీ చేరేదాకా చూడాలన్నది ఇప్పుడు రాతపూర్వక నియమం.

సింక్ వరస కూడా మార్చారు. సర్వర్ జవాబు రాగానే ముందు డేటాబేస్‌లో గుర్తు పడుతుంది, మెమరీలోని లిస్ట్ సంగతి ఆ తర్వాతే. ఎర్రర్‌ని కూడా క్యాచ్‌లో పట్టేద్దామా అని టీమ్‌లో పెద్ద చర్చ జరిగింది. నేను ఒప్పుకోలేదు. అలా పట్టేసి ఉంటే యాప్ కూలేది కాదు, సింక్ మాత్రం నిశ్శబ్దంగా ఆగిపోయి ఉండేది, బిల్లు వచ్చిన రోజున రైతులు చెబితే గానీ తెలిసేది కాదు.

సపోర్ట్ కుర్రాళ్ల కోసం యాప్ మొదటి స్క్రీన్‌లోనే ఇంకా పంపాల్సిన ఎంట్రీల సంఖ్య పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది. ఆ సంఖ్య సున్నా అని ఫోన్‌లో అడిగి తెలుసుకోకుండా యాప్ తీసేయమని ఎవరూ చెప్పకూడదు. ఆండ్రాయిడ్ 7 ఫోన్లని ఎప్పటిదాకా మోయాలన్న చర్చ సంస్థలో ఇంకా సాగుతోంది. అది ఇప్పుడు ఆ ఫోన్లు వాడే కేంద్రాల లెక్క చూసి, కొత్త ఫోన్‌కి సంస్థ ఎంత సాయం చేయగలదో చూసి జరుగుతోంది.